మేడ మీద వాతావరణ శాఖ

నిన్న మీ ఇంటి మీద ఎంత వాన పడిందో చెప్పండి చూద్దాం. "బాగానే పడింది" అంటే కుదరదు. "దంచి కొట్టింది" అన్నా ఒప్పుకోను. మిల్లీమీటర్లలో చెప్పాలి. అదిగో, నసుగుతున్నారు! పేపర్లో వేస్తారుగా అంటారా? పేపర్లో వేసేది తాలూకా లెక్క. ఊరికి ఆ చివర కుండపోతగా పడి, ఈ చివర నేల కూడా తడవని రోజులు మీరు చూడలేదూ? మీ మేడ మీద పడిన వాన మీరే కొలుచుకోవాలి. ఇక్కడ బార్డోలీలో నేను కొలుచుకుంటున్నాను. ఆ కబుర్లు చెబుదామనే ఇలా గోడ దగ్గరికి వచ్చాను. చేతిలో పనుంటే కాసేపు పక్కన పెట్టండి.

బార్డోలీ అనగానే మీకు 1928 గుర్తొచ్చి ఉంటుంది. సత్యాగ్రహం, శిస్తు, వల్లభ్‌భాయ్. ఆయన్ని సర్దార్‌ని చేసిన ఊరు ఇదే. స్వరాజ్ ఆశ్రమం ఇప్పటికీ ఉంది, వస్తే తీసుకెళ్లి చూపిస్తాను. కానీ ఇక్కడ కాపురం ఉండేవాళ్లకి ఊరంటే ముందు చెరకు. ఎటు చూసినా చెరకే. సూరత్‌కి తూర్పున, ధూళే వెళ్లే రోడ్డు మీద, పచ్చగా ఊగుతూ ఉంటుంది. పెద్ద సహకార చక్కెర ఫ్యాక్టరీ, చిన్న మీంఢోళా నది, ఉత్తరాన తాపీ. ఆ తాపీ మీద పైన ఉకాయ్ డ్యాం. ఆగస్టు వచ్చిందంటే ఇక్కడ చిన్నాపెద్దా అందరి నోటా ఒకటే అంకె వినిపిస్తుంది: 345. డ్యాం నిండు మట్టం అది, అడుగుల్లో. 2006 ఆగస్టులో ఉకాయ్ నుంచి వదిలిన నీళ్లు సూరత్‌ని ముంచేశాయి. ఆ తర్వాత ఆ అంకెని ఎవరూ మరిచిపోలేదు.

సూరత్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసుగా? కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ పద్మశాలీలు లింబాయత్‌లో వీధుల కొద్దీ ఉన్నారు. మబ్బు కమ్మితే చాలు, వాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, మీ దిక్కు పడుతోందా?" పడుతోంది తమ్ముడూ, ఇప్పటికి పద్నాలుగున్నర మిల్లీమీటర్లు. అలా ఠక్కున చెప్పడంలో ఉన్న సుఖం చెబితే అర్థమయ్యేది కాదు. మీరూ ఒకటి పెట్టుకోండి, తెలుస్తుంది.

ఇంతకీ ఏం పెట్టుకోవాలి? పెద్ద సరంజామా ఏమీ లేదు. మేడ మీద ఒక గొట్టం. దాని మీద గాలికి తిరిగే మూడు గిన్నెలు, గాలి దిక్కు చూపే రెక్క. ఎండ తగలకుండా తెల్లటి పళ్లేల దొంతర, ఆ దొంతర లోపల ఉష్ణోగ్రతనీ తేమనీ చూసే చిన్న సెన్సర్. ఈ తెల్లటి గూడు ఎవరి ఆలోచనో తెలుసా? లైట్‌హౌస్‌లు కట్టే థామస్ స్టీవెన్‌సన్ అనే స్కాట్లండ్ ఇంజనీరుది. 'ట్రెజర్ ఐలాండ్' రాసిన స్టీవెన్‌సన్ ఉన్నాడే, ఆయన తండ్రి. కొడుకు కథలు మనం ఎప్పటికో మరిచిపోవచ్చు కానీ, తండ్రి పెట్టె మాత్రం ప్రపంచమంతటా వాతావరణ కేంద్రాల్లో ఇప్పటికీ ఉంది.

ఇక అసలు ముచ్చట వాన గిన్నె. పైన గరాటా, కింద పిల్లల తూగుడుబల్ల లాంటి రెండు బుల్లి గిన్నెలు. ఒకటి నిండగానే బరువుకి ఒరిగి నీళ్లు పారబోస్తుంది, రెండోది పైకి లేస్తుంది. ఒరిగినప్పుడల్లా దానికున్న అయస్కాంతం ఒక స్విచ్ పక్కనుంచి పోతుంది. టిక్. చాలా రకాల్లో ఒక టిక్ అంటే 0.2 మిల్లీమీటర్ల వాన. ఆ టిక్కులు లెక్కపెడితే వాన లెక్క అయిపోయినట్టే. మరీ ధారగా కురిస్తే గిన్నె ఒరిగే ఆ కాస్త వ్యవధిలో కొంత నీరు లెక్కకి అందదు. అందుకని పక్కనే మామూలు గాజు కొలత గొట్టం ఒకటి పెట్టుకుని, రెండూ పోల్చి, తేడా ఎంతో ప్రోగ్రాంలో సరిదిద్దుకోవాలి. అంతా కలిపి ఒక్క లైను రాయడమే.

మిల్లీమీటరంటే చిన్నదనుకోకండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు నీళ్లు. మీ మేడ వంద చదరపు మీటర్లుందనుకోండి. వంద మిల్లీమీటర్లు పడిన రోజున మీ నెత్తి మీదుగా పదివేల లీటర్లు కాలువలోకి పోయాయన్నమాట. రెండు ట్యాంకర్లు! డబ్బిచ్చి ట్యాంకర్ పిలిపించుకునే నెలల్లో ఇది తలుచుకోకండి, బాధేస్తుంది.

మా పక్కింటి కాకాకి మాత్రం మిల్లీమీటర్లు పనికిరావు. చెరకు రైతు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి "కేట్లా ఇంచ్ పడ్యో?" అంటారు. గుజరాత్‌లో వానంటే అంగుళాలే, పేపర్లలోనూ అంగుళాలే. నేను ఇరవై అయిదు మిల్లీమీటర్లంటే ఆయన మొహం చిట్లిస్తారు. ఒక్క అంగుళం కాకా, అంటే వెలిగిపోతుంది. అందుకని నా పేజీలో వాన రెండు రకాలుగానూ కనిపిస్తుంది. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు.

పేజీ అన్నానుగా. ఇక్కడే సాఫ్ట్‌వేర్ వస్తుంది. పారిపోకండి!

పరికరంతో పాటు కంపెనీవాళ్లు ఒక యాప్ ఇస్తారు. బాగానే ఉంటుంది. కానీ మీ మేడ మీది వాన లెక్క ఎక్కడో వాళ్ల కంప్యూటర్లో ఉంటుంది. వాళ్లు ఆ సేవ ఆపేస్తే? మీ ఏళ్ల వానలన్నీ పోయినట్టే. నాకది గిట్టదు. నా వాన నా ఇంట్లోనే ఉండాలి. అందుకే వీవెక్స్ పెట్టుకున్నాను. టామ్ కెఫర్ అని అమెరికాలో సముద్ర శాస్త్రం చదువుకున్న మనిషి; ఒకప్పుడు రోగ్ వేవ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ స్థాపించాడు. ఆయన 2009 ప్రాంతంలో పైథాన్‌లో రాయడం మొదలుపెట్టిన ప్రోగ్రాం ఇది. ఓపెన్ సోర్స్. డబ్బు కట్టక్కర్లేదు. లోపల ఏముందో విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు. అరచేతిలో పట్టే రాస్‌బెర్రీ పై కంప్యూటర్ మీద హాయిగా నడుస్తుంది. అయిదు నిమిషాలకోసారి గాలి, వాన, వేడి, పీడనం ఒక వరుస రాసిపెడుతుంది. ఏడాదికి 1,05,120 వరుసలు. అన్నీ ఒక్క ఫైల్లో, మీ ఇంట్లో. జేబులో వేసుకుని ఊరెళ్లొచ్చు.

ఇంకో మంచి సంగతి చెప్పనా? పరికరం కొనకముందే ప్రోగ్రాం పెట్టుకుని ఆడుకోవచ్చు. సిమ్యులేటర్ అని ఒకటుంది, అది ఉత్తుత్తి వానలూ ఉత్తుత్తి గాలులూ పుట్టించి చూపిస్తుంది. పెళ్లాం ఒప్పుకునేదాకా, మొగుడు డబ్బులిచ్చేదాకా దాంతో కాలక్షేపం చేయండి.

ఇక సాయం అడగడం గురించి చెప్పాలి. నాకు ఇందులో ఎంత ఇష్టమైన భాగమంటే, అసలు అంతా సవ్యంగా నడుస్తుంటే కొంచెం వెలితిగా కూడా ఉంటుంది.

మీరెప్పుడైనా ఇలాంటి ప్రోగ్రాం విషయంలో సాయం అడిగారా? ఎలా అడిగారు? "నా స్టేషన్ పనిచేయడం లేదు, దయచేసి సహాయం చేయగలరు." అంతేనా? అంతే అయ్యుంటుంది. పోనీ, అవతలి మనిషి ఎవరో ఆలోచించారా? ఆయనెక్కడో ఒరెగాన్‌లోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటాడు. జీతం లేదు. భోంచేసి, పిల్లల్ని పడుకోబెట్టి, పది నిమిషాలు ఖాళీ దొరికితే మీ ప్రశ్న తెరుస్తాడు. అందులో ఏముంది? పనిచేయడం లేదు. ఏది? ఎందులో? ఎప్పటినుంచి? పాపం, డాక్టరు దగ్గరికెళ్లి ఒంట్లో బాగాలేదని చెప్పి మౌనంగా కూర్చుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? మళ్లీ మిమ్మల్నే అడుగుతాడు. ఆయనకి పగలయ్యేసరికి మీకు రాత్రి. ఒక్కో ప్రశ్నకి ఒక రోజు. వారం గడిచిపోతుంది, వాన వెలిసిపోతుంది.

కావలసింది నాలుగు మాటలు. ఏ స్టేషన్, ఏ కంప్యూటర్, ఏ వెర్షన్, ఎలా ఇన్‌స్టాల్ చేశారు. ఆ తర్వాత లాగ్. లాగ్ అంటే ప్రోగ్రాం తను ఏం చేసిందో, ఎక్కడ ఆగిందో తనే రాసుకునే చిట్టా. వీవెక్స్ సెట్టింగుల ఫైల్లో డీబగ్ అన్నచోట సున్నా ఉంటుంది, దాన్ని ఒకటి చేసి, ప్రోగ్రాంని మళ్లీ మొదలుపెట్టండి. మొదలైన దగ్గర్నుంచి తప్పు కనిపించిన చోటిదాకా మొత్తం చిట్టా కాపీ చేసి పంపండి. మొత్తం! మీకు ముఖ్యమనిపించిన రెండు లైన్లు కాదు. ఏది ముఖ్యమో తెలిస్తే మీరు అడగనే అడగరుగా. స్క్రీన్ ఫోటో తీసి పంపకండి, అందులో అక్షరాలు వెతకడానికి కుదరదు. వీక్టల్ డీబగ్ అని ఒక ఆదేశం ఉంది. అది మీ సెట్టింగులన్నీ ఒకచోట చేర్చి ఇస్తుంది, పాస్‌వర్డులు తనే చెరిపేస్తుంది. అయినా పంపేముందు ఒకసారి మీ కళ్లతో మీరు చూసుకోండి. పాస్‌వర్డు విషయంలో ఇంకొకరి మాట నమ్మేదేమిటి?

ఇలా అడిగి చూడండి, ఎంత ముద్దుగా జవాబొస్తుందో!

ఒకటి చెబుతాను. మా దగ్గర వానాకాలంలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఉరుము ఉరిమితే చాలు, టప్పున పోతుంది. ఒకసారి అలా పోయి వచ్చాక నా గ్రాఫ్‌లో చిన్న ఖాళీ. బయట వాన పడుతూనే ఉంది, లోపల లెక్క రావడం లేదు. చిట్టా తీశాను. ఒకటే ఫిర్యాదు వరసగా రాసుకుంటోంది: ఈ సమయానికి ఒక వరుస ఇదివరకే ఉంది, ఇంకొకటి పెట్టనివ్వను. ఆ చిట్టా మొత్తం పంపాను. తెల్లారేసరికి ముక్తసరిగా జవాబు. "మీ పై గడియారం చూడండి."

ఎంత అందమైన జవాబు! రాస్‌బెర్రీ పై ఉంది చూశారూ, నాలుగో తరం దాకా దానికి సొంత గడియారం లేదు. అయిదో దానికి పెట్టారు, దానికీ బ్యాటరీ విడిగా తగిలించుకోవాలి. కరెంటు పోతే సమయం పోయినట్టే. తిరిగి వచ్చినప్పుడు, పోయేముందు ఎంతయిందో గుర్తున్న చోటినుంచి మళ్లీ మొదలుపెడుతుంది. ఇంటర్నెట్ దొరికాక గానీ అసలు టైము తెలుసుకోదు. కరెంటు పోయిన ఊళ్లో ఇంటర్నెట్ వెంటనే వస్తుందా? రాదు. ఈలోగా వీవెక్స్ లేచి, ఆ పాత టైము వేసి వరుసలు రాయబోతుంది. ఆ టైముకి పాత వరుసలు ఉండనే ఉన్నాయి. డేటాబేస్ ఊరుకుంటుందా? ఒకే క్షణానికి రెండు వానలా, కుదరదంటుంది. న్యాయమే కదా!

మందు కూడా ఆ జవాబులోనే ఉంది. డీఎస్3231 అని గడియారం చిప్ ఉన్న బుల్లి ముక్క, దానికో గుండీ బ్యాటరీ. సూరత్‌లో ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే కొట్లో దొరికింది. పిన్నుల మీద గుచ్చాను. దాంతో పాటు, టైము సరిపడేదాకా వీవెక్స్‌ని లేవనివ్వకుండా, ప్రోగ్రాంలని మొదలుపెట్టే సిస్టమ్‌డీలో ఒక లైను. ఇప్పుడు కరెంటు ఎన్నిసార్లు పోనీయండి, నాకు బెంగ లేదు. కొట్టువాడు "ఇది దేనికి భాయ్?" అని అడిగాడు. వాన కోసం అన్నాను. నన్ను పైనుంచి కిందకి చూసి, టీ తెప్పించి, కథ మొత్తం చెప్పించుకున్నాడు. సూరత్ మనుషులు అంత మంచివాళ్లు.

అన్ని జవాబులూ ఇంత పెద్ద కథలు కావు లెండి. ఇరవై నాలుగు పడితే 2.4 చూపిస్తోందని ఒకరు అడుగుతారు. మెట్రిక్ అని పెడితే సెంటీమీటర్లు, మెట్రిక్‌డబ్ల్యూఎక్స్ అని పెడితే మిల్లీమీటర్లు. ఒక్క ముక్కలో తేలిపోతుంది. 2024 జనవరిలో 5వ వెర్షన్ వచ్చాక స్టేషన్ దొరకడం లేదని ఇంకొకరు. కొత్త వెర్షన్ రూట్ అధికారంతో కాకుండా మామూలు యూజర్‌గా నడుస్తుంది, స్టేషన్ తగిలించిన యూఎస్‌బీని తాకే అనుమతి ఇవ్వాలి. అంతే సంగతి.

కానీ అన్నిటికన్నా నాకు నచ్చిన చిక్కు రోజు చిక్కు. రోజు ఎప్పుడు మొదలవుతుందండీ? అర్ధరాత్రి అంటారు. మన పెద్దవాళ్లయితే సూర్యోదయం అనేవారు. వాన విషయంలో ఎవరి రోజు వాళ్లదే! భారత వాతావరణ శాఖకి పొద్దున ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా ఒక రోజు. గాంధీనగర్‌లోని రాష్ట్ర అత్యవసర కేంద్రం తాలూకాల వారీగా లెక్క ఇస్తుంది, వాళ్లకి పొద్దున ఆరు నుంచి ఆరు. వీవెక్స్‌కి అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి. తెల్లవారుజామున మూడింటి నుంచి ఎనిమిది దాకా కుండపోతగా పడిందనుకోండి. ముగ్గురి దగ్గరా మూడు అంకెలుంటాయి. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. ఇక గేటు దగ్గర కాకా పేపరు పట్టుకుని నిలబడతారు. "పేపర్లో మూడంగుళాలన్నాడు, నువ్వు రెండే అంటున్నావేం?"

భారీ వాన అంటే 64.5 మిల్లీమీటర్ల నుంచి అని వాతావరణ శాఖ లెక్క. 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఆ గీత దాటిందా లేదా అన్నది ఎనిమిదిన్నర రోజుని బట్టే తేలాలి కదా? అందుకని అడిగాను, ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదిన్నరకి మొత్తం చూపించేది ఎలాగా అని. ముక్కూ మొహం తెలియని మనిషి పైథాన్‌లో కొన్ని లైన్లు రాసి పంపాడు. పైగా "మీ దేశంలో ఎనిమిదిన్నరే ఎందుకు?" అని ఆరా. గ్రీనిచ్ టైము మూడు గంటలైతే మనకి ఎనిమిదిన్నర, ప్రపంచమంతా లెక్కలు ఆ టైముల ప్రకారమే తీస్తారని చెప్పాను. అతను సంతోషించాడు. నేను సంతోషించాను. ఇప్పుడు నా పేజీలో ముగ్గురి రోజులూ పక్కపక్కనే ఉంటాయి. కాకా వాటిలో ఎక్కువ ఉన్న అంకెనే నమ్ముతారు, అది వేరే విషయం.

సాఫ్ట్‌వేర్ చేతిలో లేని చిక్కులూ ఉన్నాయి. ఇక్కడ చెరకు నరికేముందు తోటకి నిప్పు పెడతారు, ఆకు కాలిపోయి గడ మిగలడానికి. చలికాలం సాయంత్రాల్లో నల్లటి మసి పీలికలు గాల్లో ఎగురుకుంటూ వచ్చి మేడల మీద వాలుతాయి. ఆరేసిన చీరల మీద, వడియాల మీద, నా గరాటాలోనూ. జూన్ నడుమ తొలకరి పడేసరికి ఆ మసి తడిసి చిక్కటి ముద్దవుతుంది. వాన గిన్నె ఎందుకు కదలడం లేదో ఎంత గొప్ప ప్రోగ్రామరైనా ఒరెగాన్ నుంచి చెప్పలేడు. మెట్లెక్కి, పాత టూత్‌బ్రష్‌తో గరాటా కడగాల్సిందే. రోహిణి ఎండలుండగానే ఆ పని కానివ్వండి. కడిగేముందు తీగ ఊడదీయండి, లేకపోతే కడిగిన నీళ్లన్నీ వానలో చేరిపోతాయి.

అన్నట్టు, కొండముచ్చుల సంగతి చెప్పలేదు కదూ? ఇక్కడ మేడల మీదుగా గుంపులుగా పోతుంటాయి. ఒకటి వచ్చి నా గొట్టం పట్టుకుని ఊపింది. నిర్మలమైన ఆకాశం, ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం, నా పేజీలో ఆరు మిల్లీమీటర్ల వాన! అది అలాగే వదిలేస్తే ఏప్రిల్ నెల మొత్తం తప్పు. డేటాబేస్‌లో ఆ టైము వరుస పట్టుకుని వానని సున్నా చేసి, రోజు మొత్తాలు మళ్లీ కట్టమని వీవెక్స్‌కి చెప్పాలి. వరుస మార్చి మొత్తాలు కట్టడం మరిచిపోతే వాన పోయినట్టే పోయి నెల లెక్కలో అలాగే ఉంటుంది. ఈ సంగతి కూడా అడిగితే చెప్పినదే. "కోతి వాన తీసేయడం ఎలా?" అన్న నా ప్రశ్నకి ఎన్ని దేశాల నుంచి జవాబులొచ్చాయో! ఒకరికి రామచిలకలు, ఒకరికి కందిరీగలు, ఒకరికి గరాటాలో సాలెపురుగు. ఎవరి జంతువు వారిది.

ఇక ఉత్తరాయణ్. జనవరి 14. మన సంక్రాంతే, కానీ ఇక్కడ ముగ్గులూ గొబ్బెమ్మలూ కాదు, గాలిపటాలు. ఊరు ఊరంతా మేడల మీదే ఉంటుంది. పొద్దున్నే నాలుగు మేడల అవతల నుంచి కేకలు: "పవన్ కేవో ఛే?" గాలి ఎలా ఉంది? ఏడాదిలో ఆ ఒక్క రోజు నేను బార్డోలీలో పెద్దమనిషిని. గంటకి పన్నెండు కిలోమీటర్లు, ఈశాన్యం నుంచి, అని అరుస్తాను. అటు నుంచి ఉంధియూ, జలేబీ పళ్లేలు వస్తాయి. మధ్యాహ్నానికి గాలి సున్నా. గాలి పడిపోయిందా? లేదు, గాలిపటాలన్నీ ఎగురుతూనే ఉన్నాయి! చూస్తే మూడు గిన్నెలకీ మాంజా చుట్టుకుపోయి ఉంటుంది, గులాబీ రంగుది. ఆ గ్రాఫ్ నాకు మహా ఇష్టం. పొద్దున ఎగుడుదిగుడు గీత, తర్వాత ఠక్కున నేల మీద అడ్డగీత. దాన్ని సరిచేయను. పండగ వచ్చినట్టు గుర్తు.

మీకో పెద్దాయన్ని పరిచయం చేయాలి. ఇంటి మీద వాతావరణ కేంద్రం అంటే ఏదో కొత్త పిచ్చి అనుకుంటున్నారేమో! గోడే వెంకట జగ్గారావు గారి పేరు విన్నారా? విశాఖపట్నం. 1840లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టుకున్న జమీందారు. డాబా గార్డెన్స్ అంటారే, అక్కడే. నక్షత్రాలు చూడాలని ఆయనకి కోరిక. ఊరికే కోరుకుని కూర్చోలేదు. మద్రాసు వెళ్లి, అక్కడి అబ్జర్వేటరీ అధిపతి టేలర్ దగ్గర నేర్చుకుని వచ్చారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు నడిపించారు. ఆకాశంతో పాటు వాతావరణాన్నీ కొలిచారు, ఆ లెక్కలు ఏటా అచ్చయ్యేవి. మన తెలుగు ఊళ్లో, ఒక కుటుంబం, తరాల పాటు! అయిదు నిమిషాలకోసారి రాసిపెట్టే ప్రోగ్రాం లేదు. గడియారం చూసుకుని, లేచి వెళ్లి, కళ్లజోడు సర్దుకుని, చేత్తో రాసుకోవడమే. మీకు మెట్లెక్కడానికే బద్ధకం!

ఇవాళ తెలంగాణలో ప్రభుత్వమే మండలాలన్నిటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ స్టేషన్లు పెట్టింది. వాటి లెక్కలు చూసి, రేపు మీ వీధిలో పడుతుందో లేదో చెప్పే కుర్రాళ్లు తయారయ్యారు. వాళ్లని చూస్తే కడుపు నిండిపోతుంది. ఓపెన్ సోర్స్ అంటే బెరుగ్గా ఉంటే హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లున్నారు, ఏళ్ల తరబడి తెలుగులో ఈ పని చేస్తున్నారు. వెళ్లి తలుపు తట్టండి. లైనక్స్ అనే మాటకి భయపడేవాళ్లని చేయి పట్టుకుని నడిపిస్తారు.

తెలుగు అంటే గుర్తొచ్చింది. వీవెక్స్ పేజీ ఏ భాషలోనైనా ఉండొచ్చు తెలుసా? భాషకి ఒక చిన్న ఫైలు. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క మీ మాట. కూర్చుని మొత్తం తెలుగు చేశాను. ఉష్ణోగ్రత, తేమ, వాన, గాలి, సూర్యోదయం, చంద్రోదయం. పేజీ మీద చక్కగా వచ్చింది. గ్రాఫుల్లో మాత్రం అన్నీ డబ్బాలు! ఎందుకంటే గ్రాఫు బొమ్మ గీసేటప్పుడు వాడే ఫాంటులో తెలుగు లేదు. సరే, మన ఫాంటులు తక్కువా? మండలి, రామభద్ర, గిడుగు, సురవరం, అన్నీ ఉచితంగా దొరుకుతాయి. మండలి పెట్టాను. అక్షరాలొచ్చాయి. కానీ ఒత్తులు? ఉష్ణోగ్రతలో ష కింద, గ కింద ఉండాల్సిన వాళ్లు విడిపోయి, ఎవరికి వారు పక్కపక్కనే నిలబడ్డారు. చూడటానికే ప్రాణం ఉసూరుమంది.

మళ్లీ అడిగాను, లాగ్‌తో సహా, బొమ్మతో సహా. ఈసారి జవాబిచ్చినతనికి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అయినా జబ్బు పట్టేశాడు. బొమ్మ గీసేది పిల్లో అనే లైబ్రరీ. అక్షరాల్ని వరసగా పేర్చడమే దానికి తెలుసు. మన అక్షరాలు ఒకదాని కింద ఒకటి చేరతాయి, ముందుకీ వెనక్కీ జరుగుతాయి. ఆ కూర్పు తెలిసిన లైబ్రరీ రాక్మ్ అని ఇంకొకటి ఉంది, దాన్ని పక్కన పెడితే పిల్లో దాన్ని అడిగి గీస్తుంది. పెట్టాను. మళ్లీ నడిపాను. ఉష్ణోగ్రత! ణ ఒత్తు బుద్ధిగా కిందికి చేరింది. ఇంట్లో అందర్నీ పిలిచి చూపించాను. కాకాని కూడా పిలిచాను. ఆయనకి తెలుగు రాదుగా అంటారేమో. గుండ్రంగా ఉన్నాయి, బాగున్నాయి అన్నారు. ఇంకేం కావాలి?

ఆ ఫైలు కావాలంటే అడగండి, ఇస్తాను. కాకినాడలోనో, కామారెడ్డిలోనో మీ మేడ మీద మీ మాటల్లో వాన పడుతుంది. సెట్టింగుల్లో మీ ఊరి ఎత్తు మాత్రం సరిగ్గా రాయండి. సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉన్నామో చెబితేనే పీడనం సరిచేసుకుంటుంది, ఎనిమిది మీటర్లు తేడా వస్తే ఒక మిల్లీబారు తేడా. బార్డోలీ వాళ్లకి పెద్ద పట్టింపు లేదు, ఇరవై చిల్లర మీటర్లే. హైదరాబాద్ వాళ్లు అయిదొందలకి పైన. పీడనం కొలిచే పెట్టె ఉన్న అంతస్తు ఎత్తు కూడా కలుపుకోండి!

ఇక వెళ్లాలి. సిరిసిల్ల నుంచి ఒకాయన రాశారు. వాళ్ల స్టేషన్ రెండు మూడు రోజులకోసారి యూఎస్‌బీ బిగుసుకుపోయి ఆగిపోతోందట. ఆ రకం పెట్టెలకి అది పాత జబ్బే. ఒక్క తీగ పీకితే లొంగదు, లోపలి బ్యాటరీలు కూడా తీసి పెట్టాలి. కానీ అదేనో కాదో చూడకుండా చెప్పకూడదు. ఏ మోడలో, ఏ వెర్షనో అన్నీ రాశారు, చిట్టా మొత్తం పంపారు, మొదలు నుంచి చివరిదాకా. ఇంత పద్ధతిగా అడిగిన మనిషిని ఎదురుచూడనిస్తామా? మీరు ఆ పరికరం సంగతి ఇంట్లో తేల్చుకుని చెప్పండి.

ఉంటాను మరి.